మణికట్టు విరుపు (శస్త్రచికిత్స లేని చికిత్స)

మణికట్టు విరుపు అనగా ముంజేతి ఎముక మణికట్టు దగ్గర విరుగుట. ముంజేతిలో బొటనవేలి వైపున రత్ని, చిటికెన వేలి వైపున అరత్ని అనే రెండు ఎముకలు ఉంటాయి. పెద్దలలో మణికట్టు విరిగింది అన్నప్పుడు చాలా వరకు విరిగినది రత్ని కింది కొన. రత్నిని వైద్యులు రేడియస్ అని వ్యవహరిస్తారు. పెద్దవారి చేతికి కలిగే విరుపులలో అన్నిటికంటే తరచుగా కనిపించేది ఇదే. వీటిలో పెద్ద భాగం కోత అవసరం లేకుండా పిండికట్టుతో నయం చేయదగినవి.

ఎముక అతుక్కోడానికి సుమారు 6 వారాలు పడుతుంది. చేయి మునుపటివలె పనికి రావడానికి మాత్రం 6 నెలల నుండి సంవత్సరం వరకు పట్టవచ్చు. ఈ రెండు గడువులు ఒకటే అనుకోవడం వల్ల కట్టు విప్పిన రోజున చాలామంది భయపడతారు. కొందరు నొప్పికి జంకి చేతిని కదపడం మానివేస్తారు. నిజమైన నష్టం అక్కడే మొదలవుతుంది. ఈ వ్యాసం పెద్దలలో శస్త్రచికిత్స లేకుండా కోలుకొనే విధానం గురించి మాత్రమే వివరిస్తుంది. ఎముకలు ఇంకా ఎదుగుతున్న పిల్లల విషయం వేరు.

నిర్మాణం

మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలు రెండు వరుసలుగా అమరి ఉంటాయి. వీటిని మణిబంధాస్థులు అంటారు. పై వరుసలోని ఎముకలు ప్రధానంగా రత్ని కొన మీద ఆనుకొని ఉంటాయి. చేతి మీద పడే బరువులో ఎక్కువ భాగాన్ని మోసేది రత్నియే. మామూలుగా రత్ని కొన అరచేతి వైపుకు సుమారు 11 డిగ్రీలు వాలి ఉంటుంది. విరిగినప్పుడు ఈ వాలు తప్పి కొన వెనుకకు, అంటే చేతి వీపు వైపుకు, ఒరుగుతుంది.

రత్ని కొన లోపల గట్టి ఎముక తక్కువగాను, తేనెపట్టు వంటి మెత్తని ఎముక ఎక్కువగాను ఉంటుంది. ఈ మెత్తని ఎముకకు రక్తప్రసరణ బాగా ఉండడం వల్ల విరుపు త్వరగా అతుక్కుంటుంది. అతుక్కోకుండా మిగిలిపోవడం అరుదు. కాని అదే మెత్తదనం వల్ల పడినప్పుడు ఎముక నలిగి పొట్టిదవుతుంది, సరిచేసిన తరువాత కూడా మళ్ళీ కుంగే అవకాశం ఉంటుంది. ముసలితనంలో ఎముకలు గుల్లబారినకొద్దీ ఈ కుంగుబాటు ఎక్కువ.

ఈ ఎముక చుట్టూ స్థలం చాలా ఇరుకు. అరచేతి వైపున మీడియన్ నాడి, వేళ్ళను ముడిచే స్నాయువులు ఒకే ఇరుకు దారిలో పోతాయి. వీపు వైపున వేళ్ళను చాపే స్నాయువులు ఎముకను రాసుకుంటూ పోతాయి. కాబట్టి విరిగినది ఎముకే అయినా కోలుకోవలసినది చేయి మొత్తం.

కారణాలు, లక్షణాలు

తడి నేల మీద జారినప్పుడు, మెట్టు తప్పినప్పుడు, వాహనం మీద నుండి పడినప్పుడు మనిషి అప్రయత్నంగా చేతిని చాపి నేలకు ఆనిస్తాడు. శరీరం బరువంతా చాపిన అరచేతి మీద పడి రత్ని కొన విరుగుతుంది. యువకులలో ఇది వాహన ప్రమాదాల వంటి పెద్ద దెబ్బల వల్ల కలుగుతుంది. ముట్లుడిగిన స్త్రీలలో నిలుచున్న ఎత్తు నుండి పడినా చాలు.

విరిగిన కొన వెనుకకు ఒరిగినప్పుడు చేతిని పక్క నుండి చూస్తే బోర్లించిన ఫోర్కు చెంచా ఆకారం కనిపిస్తుంది. వాపు, నొప్పి, ముట్టుకోనివ్వకపోవుట, కమిలిన రంగు ఉంటాయి. ఎముక స్థానం తప్పనప్పుడు ఆకారం మారదు. అందువల్ల చాలామంది దీనిని బెణుకుగా భావించి తోమడం, కాపడం వంటివి చేస్తారు. పడిన తరువాత మణికట్టు వాచి, పిడికిలి బిగించలేని స్థితి ఉంటే ఎక్స్‌రే తీయించుకొనుట మంచిది. తోమించుకొనుట మంచిది కాదు.

పడిన వెంటనే ఇంటి వద్ద చేయవలసిన ముఖ్యమైన పని గాజులు, ఉంగరాలు తీసివేయుట. వాపు గంటలలో పెరుగుతుంది. అప్పుడు ఉంగరం వేలి రక్తప్రసరణను ఆపుతుంది, దానిని కోసి తీయవలసి వస్తుంది. చేతిని కదలకుండా ఒక అట్టముక్క మీదనో, మడిచిన వార్తాపత్రిక మీదనో ఉంచి కట్టి, మెడకు జోలె వేసి ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

చరిత్ర

సుశ్రుత సంహితలో విరుపులను కాండభగ్నం అనియు, కీలు తొలగుటను సంధిముక్తం అనియు వేరు చేసి, మొదటి దానిలో పన్నెండు రకాలను, రెండవ దానిలో ఆరు రకాలను చెప్పారు. వెదురు, ఇప్ప, మేడి, రావి వంటి చెట్ల బెరడుతో లేదా బద్దలతో కట్టే విధానం అందులో ఉన్నది. కట్టు వదులుగా ఉంటే కీలు నిలవదనీ, మరీ బిగువుగా ఉంటే వాపు, నొప్పి పుట్టి చర్మం చెడుతుందనీ ఆ గ్రంథం హెచ్చరిస్తుంది. చలికాలంలో ఏడు రోజులకు, సమశీతోష్ణ కాలంలో ఐదు రోజులకు, ఎండాకాలంలో మూడు రోజులకు కట్టు మార్చమని కూడా చెబుతుంది. కట్టు బిగువు గురించిన ఆ హెచ్చరిక నేటికీ అక్షరాలా వర్తిస్తుంది.

ఐరోపాలో 18వ శతాబ్దం వరకు ఈ దెబ్బను ఎక్కువమంది వైద్యులు మణికట్టు కీలు తొలగుటగా భావించేవారు. ఫ్రాన్సు దేశపు లియోన్ నగరానికి చెందిన క్లోద్ పూతో ఇది విరుపు అని వ్రాశాడు. ఆయన రచన మరణానంతరం 1783లో వెలువడింది. 1814లో డబ్లిన్ నగరపు శస్త్రవైద్యుడు అబ్రహాం కాలిస్ ఈ విరుపును వివరంగా వర్ణించాడు. అందువల్లనే వెనుకకు ఒరిగిన విరుపును నేటికీ కాలిస్ విరుపు అంటారు. ఎక్స్‌రేలు కనుగొన్నది 1895లో కాబట్టి కాలిస్ చేతితో తడిమి, కంటితో చూసి మాత్రమే ఈ సంగతి గ్రహించాడు. వికారం జీవితాంతం మిగిలినా కొంత కాలానికి చేయి నొప్పి లేకుండా స్వేచ్ఛగా కదులుతుందని ఆయన అభిప్రాయపడ్డాడు. ఇది యువకుల విషయంలో అతి ఆశావాదమే. వృద్ధుల విషయంలో మాత్రం రెండు వందల ఏళ్ళ తరువాత జరిగిన పరీక్షలు ఆయన మాటను చాలా వరకు నిలబెట్టాయి. దీనికి వ్యతిరేకంగా అరచేతి వైపుకు ఒరిగే విరుపును 1847లో డబ్లిన్‌కే చెందిన రాబర్ట్ విలియం స్మిత్ వర్ణించాడు.

ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పొడి అద్దిన గుడ్డతో కట్టు వేసే పద్ధతిని 1851లో డచ్చి సైనిక వైద్యుడు ఆంటోనియస్ మాతెయ్‌సెన్ రూపొందించాడు. తెలుగునాట పిండికట్టు, సిమెంటు కట్టు అని పిలిచేది దీనినే. 20వ శతాబ్దంలో వియన్నాకు చెందిన లోరెంజ్ బోలర్ విరిగిన భాగాన్ని మాత్రం కదలనివ్వక, కట్టులో లేని కీళ్ళన్నిటినీ మొదటి రోజు నుండే కదిలించాలని పట్టుబట్టాడు. నేటి చికిత్సకు ఈ సూత్రమే పునాది.

శస్త్రచికిత్స ఎప్పుడు అవసరం లేదు

స్థానం తప్పని విరుపులకు కట్టు సరిపోతుంది. స్థానం తప్పినా, సరిచేసిన తరువాత నిలిచే విరుపులకు కూడా కట్టు సరిపోతుంది. చర్మం చీలి ఎముక బయటపడినప్పుడు, నాడి నొక్కుకుపోయి స్పర్శ తగ్గుతున్నప్పుడు, కీలు ముఖం చీలి ముక్కలు ఎగుడుదిగుడు అయినప్పుడు శస్త్రచికిత్స ఆలోచిస్తారు. సరిచేసిన తరువాత కూడా రత్ని 3 మిల్లీమీటర్ల కంటే ఎక్కువ పొట్టిదైనా, కొన 10 డిగ్రీల కంటే ఎక్కువ వెనుకకు ఒరిగినా, కీలు ముఖంలో 2 మిల్లీమీటర్ల కంటే ఎక్కువ మెట్టు ఏర్పడినా యువకులకు, నడివయసు వారికి శస్త్రచికిత్స సూచించడం అమెరికా ఎముకల వైద్యుల సంఘం మార్గదర్శకాలలోని కొలమానం. అరచేతి వైపుకు ఒరిగే విరుపులు కట్టులో నిలవవు కాబట్టి వాటికి తరచుగా ప్లేటు వేస్తారు.

65 ఏళ్ళు దాటినవారికి ఈ కొలతలు అంత ముఖ్యం కావు. 2000 తరువాత అరచేతి వైపు నుండి మరలతో బిగించే లాకింగ్ ప్లేట్లు ప్రచారంలోకి వచ్చి శస్త్రచికిత్సలు విపరీతంగా పెరిగాయి. ఈ పెరుగుదలకు తగిన ఆధారం ఉన్నదా అని పరీక్షించిన వాటిలో 2011లో ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్ నుండి వెలువడిన అధ్యయనం ఒకటి. 65 ఏళ్ళు నిండిన 73 మందిలో కొందరికి ప్లేటు, మిగిలినవారికి కట్టు వేశారు. సంవత్సరం తరువాత కదలికలో, నొప్పిలో, రోజువారీ పనులలో చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. ప్లేటు వేసినవారి పిడికిలి పట్టు కొంత మెరుగ్గా ఉన్నది. ఎక్స్‌రేలో వారి ఎముక చక్కగా ఉన్నది, కట్టు వేసినవారి ఎముక వంకరగా ఉన్నది. అయినా చేతి పని ఒకటే. 2021లో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌ల నుండి వెలువడిన పరీక్షలో 60 ఏళ్ళు దాటినవారి విషయంలోనూ ఇదే తేలింది.

2022లో బ్రిటన్‌లోని 36 ఆసుపత్రులలో 500 మంది పెద్దలపై జరిపిన మరొక పరీక్ష ఫలితాలు వచ్చాయి. ఎముకను సరిచేసిన తరువాత సగం మందికి తీగలు గుచ్చి నిలిపారు, సగం మందికి చక్కగా అదిమిన పిండికట్టు మాత్రమే వేశారు. సంవత్సరం తరువాత రెండు వర్గాల మధ్య తేడా లేదు. అయితే కట్టు మాత్రమే వేసినవారిలో ఎనిమిదింట ఒకరికి మొదటి 6 వారాలలో ఎముక జారిపోయి శస్త్రచికిత్స చేయవలసి వచ్చింది. కట్టు మార్గం ఎంచుకొనేవారు ఈ సంగతి ముందే తెలుసుకోవాలి. జారిందో లేదో చూడడానికే మొదటి రెండు మూడు వారాలలో మళ్ళీ మళ్ళీ ఎక్స్‌రే తీయిస్తారు. నొప్పి లేదు గదా అని ఆ ఎక్స్‌రేలను మానుకొంటే, జారిన ఎముక అదే స్థితిలో అతుక్కుంటుంది. అప్పుడు సరిచేయాలంటే మళ్ళీ ఎముకను కోయవలసి ఉంటుంది.

ఎముకను సరిచేయుట, కట్టు వేయుట

స్థానం తప్పిన ఎముకను సరిచేసేముందు విరిగిన చోట చేరిన రక్తంలోకే మత్తు సూది వేస్తారు, లేదా చేయి మొత్తానికి మత్తు ఇస్తారు. ఒకరు మోచేతిని పట్టుకోగా మరొకరు వేళ్ళను పట్టి నిదానంగా లాగి, ఒరిగిన ముక్కను తిరిగి స్థానంలోకి నొక్కుతారు. తరువాత పిండికట్టును చేతి ఆకారానికి మూడు చోట్ల అదిమి నిలుపుతారు. ఎముకను నిలిపేది ప్లాస్టర్ మందం కాదు, ఈ అదుము.

వెనుకటి కాలంలో మణికట్టును అరచేతి వైపుకు బాగా వంచి, చిటికెన వేలి వైపుకు తిప్పి కట్టేవారు. దీనివల్ల మీడియన్ నాడి నొక్కుకుపోవడం, వేళ్ళు బిగుసుకుపోవడం ఎక్కువ కావడంతో ఆ పద్ధతిని విడిచిపెట్టారు.

మొదటి రోజులలో వాపు పెరుగుతుంది కాబట్టి చేతి చుట్టూ పూర్తిగా కాక ఒక వైపు మాత్రమే ప్లాస్టర్ పట్టీ వేసి గుడ్డతో చుడతారు. వాపు తగ్గిన తరువాత పూర్తి కట్టు వేస్తారు. కట్టు మోచేతి కింద మొదలై, అరచేతిలో వేళ్ళ మొదళ్ళ దగ్గర ఉండే గీత కంటే ముందే ఆగాలి. ఆ గీత దాటితే వేళ్ళు మొదళ్ళ వద్ద పూర్తిగా ముడవవు. బొటనవేలు చిటికెన వేలిని తాకగలగాలి. కట్టు వేయించుకొన్నవారు ఆసుపత్రి వదిలేముందే ఈ రెండూ పరీక్షించుకొని, అడ్డు వస్తే చెప్పి కత్తిరింపించుకోవచ్చు. ఇది వైద్యుని తప్పు పట్టుట కాదు.

కట్టులోని వారాలు

మొదటి మూడు రోజులు చేతిని గుండె కంటే ఎత్తులో ఉంచాలి. పడుకొన్నప్పుడు రెండు దిండ్ల మీద, కూర్చున్నప్పుడు కుర్చీ చేతి మీద దిండు వేసి ఆనించవచ్చు. రోజంతా జోలెలో వేలాడదీసి ఉంచితే వాపు తగ్గదు, భుజం కూడా బిగుస్తుంది. జోలె బయటకు వెళ్ళినప్పుడు మాత్రమే.

వేళ్ళు తెల్లగా లేదా నీలంగా మారుట, తిమ్మిరి పెరుగుట, మందుకు లొంగని నొప్పి, ఇతరులు వేళ్ళను చాపితే భరించలేని బాధ కలుగుట కట్టు బిగువైనదనుటకు గుర్తులు. ఇటువంటప్పుడు ఉదయం వరకు ఆగరాదు. కట్టును నిలువునా చీల్చి లోపలి దూది, గుడ్డ కూడా కోసి వదులు చేయాలి. ఆలస్యమైతే ముంజేతి కండరాలు రక్తం అందక చచ్చి వేళ్ళు శాశ్వతంగా ముడుచుకుపోతాయి. ఈ దుస్థితిని 1881లో జర్మన్ వైద్యుడు రిచర్డ్ ఫాన్ ఫోక్‌మన్ వర్ణించాడు.

వేళ్ళ అభ్యాసాలు మొదటి రోజు నుండే మొదలుకావాలి. వేళ్ళను నిటారుగా చాపుట, కొసలను మాత్రం కొక్కెంవలె ముడుచుట, మొదళ్ళ దగ్గర మాత్రమే వంచి బల్లవలె నిలుపుట, పూర్తి పిడికిలి బిగించుట, వేళ్ళను విసనకర్రవలె విప్పుట, బొటనవేలితో ఒక్కొక్క వేలి కొసను తాకుట అనేవి ఆరు. మెలకువగా ఉన్నంతసేపు గంటకొకసారి, ప్రతిదీ పదిసార్లు చేస్తే చాలు. మోచేతిని వంచి చాపుట, చేతిని తల మీదుగా పైకి ఎత్తుట రోజూ చేయాలి. తల దువ్వుకొనుట, చొక్కా గుండీలు పెట్టుకొనుట, కాగితం పట్టుకొనుట వంటి తేలిక పనులకు ఆ చేతిని వాడవచ్చు. బరువులు ఎత్తరాదు. చేతిని దేవుని పటంవలె కదలనీయక కాపాడుకొనేవారి ఎముక ఇతరుల ఎముక కంటే ముందుగా అతుక్కోదు, వేళ్ళు మాత్రం ముందుగా బిగుస్తాయి.

కట్టు తడవకుండా స్నానమప్పుడు ప్లాస్టిక్ సంచి తొడగాలి. దురద పుట్టినప్పుడు పుల్లలు, అల్లిక సూదులు లోపలికి దూర్చరాదు. లోపల పడిన చిన్న గీత కట్టు కింద పుండుగా మారుతుంది. కట్టుతో వాహనం నడపరాదు. స్కూటరు బ్రేకు మీటను గట్టిగా నొక్కలేని చేయి నడిపేవారికే గాక ఎదుటివారికి కూడా ప్రమాదం.

స్థానం తప్పని విరుపుకు కట్టును 4 వారాలకే తీసివేయవచ్చు. సరిచేసిన విరుపుకు 5 నుండి 6 వారాలు ఉంచుతారు. ఇంకా ఎక్కువ కాలం ఉంచితే ఎముక మరింత గట్టిపడుతుందన్నది అపోహ. వాడని ఎముక సున్నం కోల్పోతుంది.

కట్టు తీసిన తరువాత

కట్టు విప్పినప్పుడు చేయి సన్నబడి, చర్మం పొలుసులు లేచి, వెంట్రుకలు పెరిగి కనిపిస్తుంది. మణికట్టు కొయ్యవలె ఉంటుంది. చిన్న కదలికకే నొప్పి పుడుతుంది. ఇది విరుపు నొప్పి కాదు, ఆరు వారాలు కదలని కీలు, స్నాయువులు సాగేటప్పటి నొప్పి. గోరువెచ్చని నీటిలో చేతిని పది నిమిషాలు ఉంచి, ఆ నీటిలోనే కదలికలు మొదలుపెట్టడం అందరికీ సాధ్యమైన పద్ధతి. పొలుసులను గీకక కొబ్బరినూనె రాస్తే వాటంతట అవే పోతాయి.

మణికట్టును ముందుకు, వెనుకకు వంచుట, పక్కలకు తిప్పుట, అరచేతిని వెల్లకిలా, బోర్లా తిప్పుట ముఖ్యమైన అభ్యాసాలు. ముంజేతిని తిప్పేటప్పుడు మోచేయి నడుముకు ఆని ఉండాలి. లేకపోతే భుజం తిరుగుతుంది, ముంజేయి తిరిగినట్లు భ్రమ కలుగుతుంది. ఆలస్యంగా తిరిగి వచ్చే కదలికలలో వెల్లకిలా తిప్పుట ఒకటి. తీర్థం పుచ్చుకోడానికి, చిల్లర తీసుకోడానికి, అన్నం ముద్దను నోటికి అందించుకోడానికి ఈ కదలికే కావాలి. కుడిచేయి విరిగినవారు కొంతకాలం చెంచాతో తినవలసి రావచ్చు. వీలైనప్పటి నుండి చేత్తో కలుపుకొని తినడం మంచి అభ్యాసం కూడా.

ఆరోగ్యవంతుని మణికట్టు అరచేతి వైపుకు సుమారు 80 డిగ్రీలు, వెనుకకు సుమారు 70 డిగ్రీలు వంగుతుంది. రోజువారీ పనులకు ఇంత అవసరం లేదు. ముందుకు 5, వెనుకకు 30 డిగ్రీలు వంగితే ఎక్కువ పనులు గడుస్తాయని 1985లో ప్రచురితమైన ఒక అమెరికా అధ్యయనం తెలిపింది. అయితే నేల మీద కూర్చొని చేయి ఆనించి లేచేవారికి, బట్టలు పిండేవారికి, బిందె ఎత్తేవారికి ఈ లెక్క చాలదు. చేయి ఆనించి లేవాలంటే మణికట్టు వెనుకకు చాలా వంగాలి, పైగా బరువు మోయాలి. మన ఇళ్ళలో చివరిగా తిరిగి వచ్చేవి ఈ పనులే.

అభ్యాసాలను ఫిజియోథెరపిస్టు దగ్గరకు వెళ్ళి చేసినా, ఒకసారి నేర్చుకొని ఇంటి వద్ద చేసినా ఫలితంలో పెద్ద తేడా ఉన్నదని పరీక్షలు గట్టిగా చూపలేదు. పట్టణానికి దూరంగా ఉన్నవారికి ఇది ఊరట. వేళ్ళు బిగిసినవారు, నొప్పి తీవ్రంగా ఉన్నవారు మాత్రం తప్పక ఫిజియోథెరపిస్టును చూడాలి. ఇతరులు మణికట్టును బలవంతంగా వంచుట, గట్టిగా మర్దన చేయుట హానికరం. తన చేతిని తానే వంచుకొనుట క్షేమం.

కాలక్రమం

మొదటి వారంలో విరిగిన చోట రక్తం గడ్డకట్టి, శరీరం అక్కడికి మరమ్మతు కణాలను చేరుస్తుంది. రెండు మూడు వారాలకు మెత్తని అతుకు ఏర్పడి ముక్కలు కదలడం తగ్గుతుంది, నొప్పి కూడా తగ్గుతుంది. 6 వారాలకు గట్టి అతుకు ఏర్పడుతుంది. ఆ తరువాత నెలల తరబడి ఎముక తనను తాను చెక్కుకుంటుంది. పెద్దలలో ఈ చెక్కుడు వంకరను సరిచేసేంత ఉండదు.

కట్టు తీసిన తరువాత రెండు వారాలలో తేలిక ఇంటి పనులు సాధ్యమవుతాయి. మెత్తని బంతి లేదా తడిసిన స్పాంజి పిండుట వంటి బలం పెంచే అభ్యాసాలు దెబ్బ తగిలిన 8 వారాల నుండి మొదలుపెట్టవచ్చు. బల్ల ముందు కూర్చొని చేసే ఉద్యోగులు కట్టుతోనే పనికి వెళ్ళగలరు. బరువు పనివారికి సుమారు 3 నెలలు పడుతుంది. కూలి మీద బ్రతికేవారికి ఈ మూడు నెలలే అసలైన భారం. వైద్యుడు గడువును మొదటి రోజే స్పష్టంగా చెబితే కుటుంబం ఏర్పాట్లు చేసుకోగలదు. మెరుగుదలలో ఎక్కువ భాగం మొదటి 6 నెలలలో కలుగుతుంది, మిగిలినది సంవత్సరం వరకు నెమ్మదిగా వస్తుంది. చలిలో సలుపు, చిటికెన వేలి వైపున నొప్పి, కొద్దిపాటి వాపు ఆ కాలంలో సాధారణం.

ఉపద్రవాలు

అన్నిటికంటే తరచుగా మిగిలేది వంకర. మణికట్టు వెనుక చిన్న ఎత్తు, అరత్ని కొన పొడుచుకు వచ్చినట్లు కనిపించుట చాలామందిలో ఉంటాయి. వృద్ధులలో దీనివల్ల పనికి ఆటంకం తక్కువ. యువకులలో నొప్పి, పట్టు తగ్గుట ఉంటే ఎముకను కోసి సరిచేసే శస్త్రచికిత్స తరువాత కూడా చేయవచ్చు.

బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలిలో తిమ్మిరి మీడియన్ నాడి నొక్కుకుపోతున్నదనుటకు గుర్తు. ఇది కట్టులో ఉండగాను, తీసిన తరువాతను రావచ్చు.

కొన్ని వారాల లేదా నెలల తరువాత బొటనవేలిని అకస్మాత్తుగా పైకి ఎత్తలేకపోవుట మరొక ఉపద్రవం. బొటనవేలిని చాపే పొడవైన స్నాయువు ఎముక మీది గరుకుకు రాసుకొని తెగుతుంది. విచిత్రమేమనగా ఇది స్థానం తప్పని తేలిక విరుపులలోనే ఎక్కువగా కనిపిస్తుంది. ఇదే స్నాయువు తెగుటను 19వ శతాబ్దంలో ప్రష్యా సైన్యపు డోలు వాయిద్యకారులలో గమనించారు. చూపుడు వేలికి అదనంగా ఉండే ఒక స్నాయువును మళ్ళించి దీనిని సరిచేస్తారు.

చేయి అంతా ఎర్రగా లేదా ఊదాగా మారి, మెరుస్తూ వాచి, చెమటపట్టి, గాలి తగిలినా భరించలేని నొప్పి పుడితే దానిని కాంప్లెక్స్ రీజినల్ పెయిన్ సిండ్రోమ్ అంటారు. జర్మన్ వైద్యుడు పాల్ సూడెక్ 1900లో దీనిని వర్ణించాడు. బిగువైన కట్టు, కదలిక లేమి దీనికి తోడ్పడతాయి. ఎంత త్వరగా గుర్తించి చేతిని కదిలిస్తే అంత మంచిది. రోజుకు 500 మిల్లీగ్రాముల సి విటమిన్ 50 రోజులు తీసుకుంటే ఇది తగ్గుతుందని 1999లో నెదర్లాండ్స్ పరీక్ష తెలిపింది. 2014లో ఎడిన్‌బరో పరీక్షలో మాత్రం ప్రయోజనం కనిపించలేదు.

నౌకాకార ఎముక సంగతి

మణికట్టులోని ఎనిమిది చిన్న ఎముకలలో స్కేఫాయిడ్ అనే నౌకాకార ఎముక విరుపును రత్ని విరుపుతో కలిపి చూడరాదు. ఇది యువకులలో ఎక్కువ. బొటనవేలిని వెనుకకు చాపినప్పుడు దాని మొదట ఏర్పడే గుంటలో నొక్కితే నొప్పి పుడుతుంది. మొదటి ఎక్స్‌రేలో విరుపు కనపడకపోవచ్చు. అందువల్ల అనుమానం ఉంటే కట్టు వేసి, సుమారు రెండు వారాలకు మళ్ళీ పరీక్షిస్తారు, లేదా ఎం.ఆర్.ఐ. తీస్తారు. ఈ ఎముకకు రక్తం కొస వైపు నుండి వెనుకకు పోతుంది కాబట్టి అతుక్కోవడం ఆలస్యం. 8 నుండి 12 వారాలు పట్టవచ్చు, కొందరిలో అసలు అతుక్కోదు.

పుత్తూరు కట్టు, ఆహారం

తెలుగువారిలో ఎముక విరిగితే పుత్తూరు కట్టు గుర్తుకు వస్తుంది. పూర్వపు చిత్తూరు జిల్లాలోని పుత్తూరు దగ్గర తరతరాలుగా ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు, గుడ్డతో కట్లు కడుతున్నారు. దాని పేరుతో ఇతర ఊళ్ళలోనూ కట్టు శాలలు వెలిశాయి. స్థానం తప్పని రత్ని విరుపు ఏ కట్టులోనైనా అతుక్కుంటుంది కాబట్టి ఇటువంటి చోట్ల చాలామందికి నయమగుట ఆశ్చర్యం కాదు. చిక్కు మిగిలిన వాటిలో ఉన్నది. ఎక్స్‌రే చూడకుండా కట్టినప్పుడు స్థానం తప్పినది తెలియదు. బద్దలు బిగువైనప్పుడు వాపుకు చోటుండదు. బిగువైన నాటు కట్ల వల్ల చేయి కుళ్ళి తీసివేయవలసి వచ్చిన సంఘటనలు వైద్య పత్రికలలో నమోదయ్యాయి. ఎక్కడ కట్టించుకొన్నా వేళ్ళ రంగు, స్పర్శ చూసుకొనే నియమం మారదు.

నల్లేరు కాడల పచ్చడి ఎముకలు అతుకుతాయని తినడం మనలో ఉన్నది. ఈ తీగకు సంస్కృతంలో అస్థిశృంఖల అని పేరు. జంతువులపై చేసిన పరిశోధనలు కొంత ఆశ చూపినా మనుషులలో దీని ప్రయోజనం ఇంకా నిర్ధారితం కాలేదు. మేక కాళ్ళ పులుసు వల్ల ఎముకకు నేరుగా సున్నం చేరదు, రుచి, కొంత మాంసకృత్తులు మాత్రం లభిస్తాయి. పాలు, పెరుగు, పప్పు, గుడ్లు, చేపలు, రాగులు, నువ్వులు మేలైనవి. 100 గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. పెద్దవారికి రోజుకు సుమారు 1000 మిల్లీగ్రాములు కావాలి. పొగతాగుట ఎముక అతుకును ఆలస్యం చేస్తుంది.

రెండవ విరుపు

నిలుచున్న ఎత్తు నుండి పడి 50 ఏళ్ళు దాటినవారి మణికట్టు విరిగితే దానిని ఆస్టియోపొరోసిస్ అనే బోలు ఎముకల వ్యాధికి తొలి గుర్తుగా భావించి పరీక్షించాలి. ఇటువంటి విరుపు ఒకసారి కలిగినవారికి తుంటి, వెన్ను వంటి చోట్ల మరొక విరుపు కలిగే అవకాశం దాదాపు రెట్టింపు. మణికట్టు విరిగినవారు నడుస్తూ ఇంటికి వెళతారు, తుంటి విరిగినవారు మంచాన పడతారు. కాని కట్టు తీయడంతో పని ముగిసిందని భావించి ఈ పరీక్షను ఎక్కువమంది చేయించుకోరు, వైద్యులు కూడా తరచుగా గుర్తు చేయరు.

ఎముక సాంద్రతను డెక్సా పరీక్షతో కొలుస్తారు. రక్తంలో డి విటమిన్, కాల్షియం, థైరాయిడ్ కూడా చూస్తారు. ఎండ దండిగా ఉన్నా మన దేశంలో డి విటమిన్ లోపం చాలా సాధారణం. వ్యాధి నిర్ధారణ అయితే వారానికొకసారి వేసుకొనే అలెన్‌డ్రోనేట్ వంటి మాత్రలు ఇస్తారు. ఈ మాత్రను పరగడుపున నిండు గ్లాసు నీటితో మింగి, అరగంట సేపు పడుకోకుండా ఉండాలి. దీనితోపాటు స్నానాల గదిలో జారని చాప, పట్టుకోడానికి కమ్మీ, రాత్రివేళ దారిలో చిన్న దీపం, కంటి పరీక్ష, తల తిరుగుడు కలిగించే మందుల సవరింపు వల్ల పడిపోవడం తగ్గుతుంది.